రాత్రికి కూడా కొలత పెట్టండి: జూలలోని నిశాచర జంతువుల శాలలపై బహిరంగ లేఖ

సెంట్రల్ జూ అథారిటీ అధికారులకు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అటవీశాఖల్లో జూల బాధ్యత చూస్తున్న పెద్దలకు, క్యూరేటర్లకు

నమస్కారం.

నేను కడపలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతాను. మా పిల్లల్లో చాలామంది శేషాచలం, లంకమల, నల్లమల అంచు ఊళ్ల నుంచి వస్తారు. దేవాంగపిల్లి (పేరుకే పిల్లి, నిజానికి కోతులకు దూరపు బంధువైన చిన్న ప్రాణి, ఇంగ్లీషులో స్లెండర్ లోరిస్), పునుగుపిల్లి, అలుగు, నామాలపిల్లి వాళ్ల ఊరి చుట్టుపక్కల తిరిగే జంతువులే. అయినా వాటిని కళ్లారా చూసినవాళ్లు క్లాసులో ఒకరో ఇద్దరో ఉంటారు. అవి బయటికొచ్చే వేళకు మనం తలుపులేసుకుని పడుకుంటాం. అందుకే జూలో నిశాచర జంతువుల శాల అంటే, పగటిపూటే లోపల చీకటి చేసి రాత్రి తిరిగే జంతువులను చూపించే ఆ శాల అంటే, నాకు ప్రత్యేకమైన అభిమానం. మన దేశంలో ఇలాంటి శాల మొట్టమొదట వచ్చింది హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కులోనే అని చెబుతారు. తెలుగువాళ్లుగా అది మనకు గర్వకారణం. ఈ శాలలను మూసెయ్యమని రాయడం లేదు. బాగా నడవాలని రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. ఏ జంతువుకు ఎన్‌క్లోజర్ ఎంత పొడవు, ఎంత వెడల్పు ఉండాలో మీ నియమాల్లో కొలతలున్నాయి. చీకటి శాలలో వెలుతురు ఎంత ఉండాలి, ఏ రంగులో ఉండాలి, ఏ గంటకు మారాలి అన్నవి కూడా అదే తీరుగా కొలతల్లో రాసిపెట్టి, ప్రతి జూ చేత పాటింపజేయండి. పులికి స్థలం ఎంత ముఖ్యమో దేవాంగపిల్లికి చీకటి అంత ముఖ్యం. స్థలాన్ని టేపు పెట్టి కొలుస్తున్నాం. చీకటిని మాత్రం స్విచ్ దగ్గర ఉన్న మనిషి అంచనాకు వదిలేస్తున్నాం.

ముందు గుమ్మం దగ్గర జరిగేది చెబుతాను. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

మన ఎండలో మిట్టమధ్యాహ్నం వెలుతురు సుమారు లక్ష లక్స్ ఉంటుంది (లక్స్ అంటే వెలుతురుకు కొలమానం). చీకటి శాలలో ఉండాల్సింది ఒక లక్స్ కంటే తక్కువ. ఈ రెండింటి మధ్య మన జూ ఇచ్చే దూరం చాలాచోట్ల ఒక తలుపు, ఒక నల్ల పరదా. మనిషి కన్ను ఇంత తేడాను ఒక్కసారిగా తట్టుకోలేదు. కంట్లో రంగులు చూసే శంకు కణాలు చీకటికి సర్దుకోవడానికే పది నిమిషాల దాకా పడుతుంది. మసక వెలుతురులో చూపునిచ్చే దండ కణాలు పూర్తిగా మేలుకోవాలంటే అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కానీ సగటు సందర్శకుడు ఆ శాలలో ఉండేది కొద్ది నిమిషాలే. అంటే కన్ను పనిచేయడం మొదలయ్యేలోపే అతను బయటికి వచ్చేస్తాడు. లోపల ఉన్నంతసేపూ అతనికి కనిపించేది అద్దంలో తన నీడే.

అప్పుడు ఏం చేస్తాడు? ఫోన్ తీస్తాడు.

ఒక పెద్ద నగరంలోని జూలో నేను చూసింది చెబుతాను. ఏ ఊరన్నది ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే ఇది ఏ ఊళ్లోనైనా జరిగేదే. ఒక కుటుంబం దేవాంగపిల్లి గూటి ముందు నిలబడింది. "ఏం లేదురా, ఖాళీ" అంటూ తండ్రి ఫోన్ టార్చ్ వేసి అద్దానికి ఆనించాడు. దేవాంగపిల్లి సరిగ్గా అద్దం పక్కనే, కంటి ఎత్తులో, కొమ్మను నాలుగు చేతులతో పట్టుకుని ఉంది. వెలుగు పడగానే ఒక చెయ్యి గాల్లోకి ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. గోధుమరంగు గుడ్లలో నల్లని కనుపాప చూస్తుండగానే సన్నని నిలువు గీతైపోయింది. పిల్లలు సంబరంగా అద్దం మీద కొట్టారు. అది కదల్లేదు. పారిపోవడం దానికి తెలియదు, ఎందుకంటే అడవిలో ప్రమాదం వస్తే అది చేసేది బిగుసుకుపోవడమే. చూసేవాళ్లకేమో "భయపడట్లేదు, అలవాటైపోయింది" అనిపిస్తుంది. కుటుంబం ముందుకు వెళ్లాక కూడా ఆ ఎత్తిన చెయ్యి చాలాసేపు కిందికి దిగలేదు. ఈలోపు ఇంకో టార్చ్ వచ్చింది.

ఆ తండ్రి చెడ్డవాడు కాదు. పిల్లలకు చూపించాలని డబ్బు పెట్టి, ఎండలో నడిచి వచ్చాడు. అతని కంటికి చీకటిని అలవాటు చేసే ఏర్పాటు మనం చేయలేదు. ఎండలోంచి నేరుగా చీకట్లోకి తోసి, ఫోన్ తీయొద్దని బోర్డు పెట్టాం. ఆ బోర్డు కూడా చీకట్లో కనిపించదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో 38జె సెక్షన్ ఉంది. జూలో జంతువులను ఏడిపించడం, గాయపరచడం, తిండి పెట్టడం, శబ్దంతో గానీ మరో విధంగా గానీ వాటిని కలవరపెట్టడం నేరమని అది చెబుతుంది. రాత్రి జంతువు కంట్లో టార్చ్ కొట్టడం కచ్చితంగా ఆ "మరో విధం" కిందికే వస్తుంది. కానీ కేసులు పెట్టమని నేను అడగడం లేదు. కేసు అవసరం లేని గుమ్మం కట్టమని అడుగుతున్నాను. వంపులు తిరిగే ఒక వరండా కట్టి, దానిలో వెలుతురు అడుగడుగునా తగ్గుతూ వచ్చేలా చేయాలి. గోడల మీద రాత్రి అడవిలో వినిపించే చప్పుళ్ల గురించి, జంతువుల కళ్ల గురించి మసక ఎర్ర వెలుతురులో కనిపించే బొమ్మలు పెట్టాలి. జనం ఆగి చూస్తూ పది నిమిషాలు గడిపితే చాలు, లోపలికి వెళ్లాక వాళ్లకు నిజంగా కనిపిస్తుంది. కనిపిస్తే ఫోన్ తీయరు. ఫోన్లు పెట్టుకోవడానికి గుమ్మం దగ్గర లాకర్లు కూడా ఉంటే మరీ మంచిది. గుళ్లో ఫోన్లు బయట పెట్టి వెళ్లడం మనవాళ్లకు ఎలాగూ అలవాటే.

ఇక లోపలి వెలుతురు సంగతి.

పౌర్ణమి నాడు ఆకాశం నిర్మలంగా ఉంటే నేల మీద పడే వెన్నెల మహా అయితే 0.3 లక్స్. చాలా రాత్రులు అంతకూడా ఉండదు. చందమామ లేని రాత్రి చుక్కల వెలుతురు దానిలో వందో వంతుకూ చాలదు. దేవాంగపిల్లి, పునుగుపిల్లి, గుడ్లగూబ లక్షల ఏళ్లుగా ఆ వెలుతురులో పురుగునూ ఎలుకనూ పట్టి బతికాయి. మనిళ్లలో ట్యూబులైటు కింద వంద లక్స్ పైనే ఉంటుంది. కాబట్టి "కొంచెం మసగ్గా ఉంచాం" అంటే సరిపోదు. మనకు మసక అనిపించే వెలుతురు వాటికి వెన్నెల కంటే పదుల రెట్లు ఎక్కువ కావచ్చు. మన కన్ను దీన్ని పసిగట్టలేదు. లక్స్ మీటర్ పసిగడుతుంది. దాని ఖరీదు జూ బడ్జెట్లో లెక్కలోకి కూడా రాదు.

రంగు ఇంకో సంగతి. చాలా నిశాచర క్షీరదాల కంట్లో దండ కణాలే ఎక్కువ, వాటికి ముదురు ఎరుపు దాదాపు పట్టదు. మనకు మాత్రం ఆ ఎరుపు కనిపిస్తుంది. అందుకే 1960ల నుంచి జూలు ఎర్ర దీపాలు వాడటం మొదలుపెట్టాయి. తర్వాత కొన్నిచోట్ల నీలం దీపాలు వచ్చాయి. వెన్నెలలా అందంగా ఉంటుందని, ఫోటోలు బాగా వస్తాయని. కానీ నీలపు వెలుగే శరీరంలోని గడియారానికి "తెల్లవారింది" అని చెప్పేది. రాత్రి పూట ఒంట్లో ఊరి, ఇది రాత్రి అని చెప్పే హార్మోన్ మెలటోనిన్‌ను అణిచేది ఆ నీలపు తరంగాలే. మనుషుల విషయంలో ఫోన్ స్క్రీన్ల గురించి డాక్టర్లు చెప్పే మాటే ఇదీ. అమెరికా జూలలో దేవాంగపిల్లి కుటుంబానికి చెందిన లోరిస్‌లు, వాటి బంధువుల మీద చేసిన పరిశీలనల్లో ఎర్ర వెలుతురుతో పోలిస్తే నీలి వెలుతురులో వాటి కదలికలు తగ్గాయని తేలింది. జంతువు చురుగ్గా కనిపించడం కోసమే కదా ఈ శాల కట్టింది, దాన్ని నిద్రపుచ్చే దీపం ఎందుకు పెట్టాలి? నీలం దీపాలున్న చోట వాటిని మార్చడం ఒక ఎలక్ట్రీషియన్‌కు రెండు రోజుల పని.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఎవరికీ కనిపించనిది, రాత్రి పూట ఆ శాలలో ఏం జరుగుతుందన్నది.

ఈ శాల నడిచే తీరే పగటినీ రాత్రినీ తారుమారు చేయడం. జనం వచ్చే పగటి వేళ లోపల రాత్రి, జనం వెళ్లాక లోపల పగలు. ఆ రెండో సగం నిజంగా జరుగుతోందా? సాయంత్రం సిబ్బంది వెళ్తూ మెయిన్ స్విచ్ తీసేస్తే ఆ జంతువుకు ఇరవై నాలుగు గంటలూ చీకటే. దానికి పగలు లేదు, నిద్ర లేదు, ఒంట్లోని గడియారానికి పట్టుకోవడానికి కొక్కెం లేదు. రాత్రి కరెంటు పోయి జనరేటర్ ఈ శాలకు కలపకపోతే అదే కథ. సోమవారం సెలవు కదా అని ఆ రోజు దీపాల వేళలు మార్చినా అంతే. వారంలో ఒక రోజు జంతువును వేరే దేశానికి విమానంలో పంపి తెచ్చినట్టు అవుతుంది. దీపాలు టైమర్ మీద నడవాలి, బ్యాటరీ బ్యాకప్ ఉండాలి, వెలుతురు ఒక్క దెబ్బన ఆరకుండా అరగంటో ముప్పావుగంటో సంధ్యలా తగ్గాలి. మన ప్రాంతంలో పగలు శీతాకాలంలో 11 గంటల చిల్లర, వేసవిలో 13 గంటల చిల్లర ఉంటుంది. ఆ తేడా కూడా ఏడాది పొడవునా టైమర్‌లో రావాలి, ఎందుకంటే చాలా జంతువుల ఎదకాలం దాని మీదే ఆధారపడుతుంది. ఇవన్నీ చేస్తున్న జూ ఉంటే ఆ జూకు నా నమస్కారం. చేస్తున్నట్టు రికార్డు చూపించమని అడిగే హక్కు మాత్రం జనానికి ఉండాలి.

ప్రపంచంలో ఈ ఆలోచన మరీ పాతదేమీ కాదు. బ్రిటన్‌లోని బ్రిస్టల్ జూ 1953లో ఇలాంటి శాల తెరిచింది. న్యూయార్క్ బ్రాంక్స్ జూలో 1969లో తెరిచిన పెద్ద చీకటి శాల ప్రపంచానికి నమూనా అయింది. 2009లో డబ్బు కటకటతో అదీ మూతపడింది, మళ్లీ తెరుచుకోవడానికి 2025 దాకా పట్టింది. చీకటి శాల నడపడం ఖర్చుతో కూడిన పని అని దీన్నిబట్టి తెలుస్తుంది. సింగపూర్ వేరే దారి ఎంచుకుంది. జంతువుల గడియారం తిప్పడం మాని, 1994లో జనాన్నే రాత్రి రమ్మంది. అక్కడ సూర్యుడు ఏడాదంతా ఏడు గంటల ప్రాంతంలోనే అస్తమిస్తాడు కాబట్టి వాళ్లకు వీలైంది. మనకూ చలికాలంలో ఆరింటికే చీకటి పడుతుంది. వారానికి ఒక సాయంత్రం, తక్కువ టికెట్లతో, గైడుతో, జూలో ఒక భాగాన్ని తెరిచి చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇది ఈ లేఖలోని అసలు కోరిక కాదు, పక్కన పెట్టినా నాకు బాధ లేదు.

2023 మే నెలలో జరిగిన ఒక సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అమెరికాలోని జూ మయామిలో పావోరా అనే కివి పక్షిని పగటి వెలుతురులో పెట్టి, డబ్బు కట్టినవాళ్ల చేత నిమిరించారు. కివి రాత్రి పక్షి, న్యూజిలాండ్ ప్రజలకు ప్రాణం. వీడియో బయటికి రాగానే ఆ దేశమంతా అట్టుడికింది. వేలమంది పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. జూ క్షమాపణ చెప్పి ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. న్యూజిలాండ్ వాళ్లు అడిగినదాంట్లో పెద్ద సిద్ధాంతమేమీ లేదు. ఆ పక్షికి చీకటి ఇవ్వండి, చేతులు తీసెయ్యండి అన్నారు. ఒక పక్షి కోసం ఒక దేశం అంత గట్టిగా మాట్లాడగలిగినప్పుడు, మన దేవాంగపిల్లి కోసం మనమెందుకు మాట్లాడకూడదు?

దేవాంగపిల్లి గురించి ఇంకాస్త చెప్పనివ్వండి, ఈ శాలల్లో అందరికంటే ఎక్కువ నష్టపోయేది అదే.

పెద్దదైనా సుమారు పావు కిలో తూగే ప్రాణి. శేషాచలం దిగువన చింతతోపుల్లో రాత్రి పూట ఎర్ర కాగితం చుట్టిన టార్చ్‌తో వెతికితే రెండు నిప్పుకణికల్లాంటి కళ్లు కనిపిస్తాయి. కాసేపు అలాగే నిలబడితే అది మనల్ని మర్చిపోతుంది. ఒక చెయ్యి ముందుకు, ఎదురుగా ఉన్న కాలు వెనక్కి, కొమ్మ కదలకుండా, ఆకు చప్పుడు కాకుండా నడుస్తుంది. పురుగు కనిపిస్తే వెనక కాళ్లతో కొమ్మను బిగించి పట్టుకుని, ఒళ్లంతా చాచి, రెండు చేతులతో ఒక్కసారిగా లాక్కుంటుంది. అంతసేపూ నత్తలా కదిలిన ప్రాణి ఆ ఒక్క క్షణంలో కంటికి అందదు. దాని చేతుల్లో, కాళ్లలో రక్తనాళాలు అల్లుకున్న తీరు వల్ల గంటల తరబడి పట్టు సడలదు. కానీ అది గెంతలేదు. కోతిలా ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మకు దూకడం దానికి చేతకాదు. కాబట్టి ఎన్‌క్లోజర్‌లో కొమ్మలు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. లావు, సన్నం, తీగ, ఆకుల గుబురు, అన్నీ ఉండాలి. మధ్యలో ఒక ఎండు మాను నిలబెట్టి, చుట్టూ సిమెంటు నేల వదిలేస్తే, అది ఆ మాను మీదే జీవితం గడిపేస్తుంది.

వాసన దానికి భాష. తన మూత్రంతో చేతులు, కాళ్లు తడుపుకుని, నడిచిన దారంతా గుర్తులు పెట్టుకుంటుంది. మన దగ్గర శుభ్రత పేరుతో రోజూ ఎన్‌క్లోజర్ మొత్తం ఫినాయిల్‌తో కడిగితే, ఆ గుర్తులన్నీ పోతాయి. ప్రతి రోజూ అది కొత్త చోట మేలుకున్నట్టే. ఒక రోజు సగం, ఇంకో రోజు సగం కడిగితే, కొమ్మల్లో కొన్నింటిని కదపకుండా వదిలితే సరిపోతుంది. తిండి విషయంలోనూ అరటిపండు ముక్కలతో సరిపెట్టడం మానాలి. అడవిలో అది ఎక్కువగా తినేది పురుగుల్నే, చీమల దగ్గర్నుంచి మిడతల దాకా. ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చే దేవాంగపిల్లి దాయాది స్లో లోరిస్‌కు చెట్ల బంక కూడా కావాలి. తీపి పండ్ల మీద పెరిగిన లోరిస్‌లకు పళ్లు పాడవడం, ఒళ్లు రావడం ప్రపంచంలోని జూలన్నిటికీ తెలిసిన సమస్యే. పురుగులు పెంచడం పెద్ద కష్టం కాదు. చీకట్లో బతికున్న మిడతను వదిలితే జంతువుకు పనీ దొరుకుతుంది, చూసేవాళ్లకు ఆ మెరుపు దాడీ దొరుకుతుంది.

దేవాంగపిల్లిని మనవాళ్లు పట్టి, క్షుద్రపూజల కోసం అమ్ముతుంటారు. వన్యప్రాణి చట్టం గట్టి రక్షణ ఇచ్చే షెడ్యూల్ 1 జంతువని తెలిసి కూడా. తమిళనాడు 2022 అక్టోబర్‌లో కరూర్, దిండిగల్ జిల్లాల్లోని కడవూర్ దగ్గర 11,806 హెక్టార్లను దేవాంగపిల్లుల అభయారణ్యంగా ప్రకటించింది. దేశంలో ఇలాంటిది అదే మొదటిది. మన అడవుల్లోనూ ఇవి ఉన్నాయి. వాటికోసం అడిగే జనం తయారవ్వాలంటే ముందు పిల్లలు వాటిని బాగా చూడాలి. టార్చ్ వెలుగులో బిగుసుకుపోయిన బొమ్మను చూసి ఇంటికెళ్లిన పిల్లవాడికి దానిమీద జాలి రావచ్చు గానీ ప్రేమ పుట్టదు.

ఇక చీకటి శాలలో ఏ జంతువులు ఉండాలన్నది. రాత్రి తిరిగేదల్లా చీకటి గదిలో ఉండాలన్న ఆలోచన సరైంది కాదని నా అభిప్రాయం. పెద్ద గబ్బిలాలనే తీసుకోండి. వీటికి గుహ అక్కర్లేదు. మన ఊళ్లలో మర్రి మీద, చింత మీద, రావి మీద పట్టపగలు నడినెత్తిన ఎండలో వందల్లో వేలాడుతూ, రెక్కలతో విసురుకుంటూ, ఒకదాన్నొకటి గద్దిస్తూ ఉంటాయి. రెక్క చాపితే మీటరు దాటే ఆ జంతువును అద్దాల గదిలో పెట్టే కంటే, చెట్లున్న చోట ఎత్తయిన వల కింద, ఎగరడానికి చోటున్న చోట ఉంచడం మేలు. అవి పళ్లు తిని దూరదూరాలకు గింజలు మోసే తీరు అక్కడ పగలే చూపించవచ్చు. గుడ్లగూబల విషయంలోనూ ఎగిరే చోటు ముఖ్యం. వాటి కళ్లు గుంటల్లో కదలవు, తల తిప్పి చూడాలి. చుట్టూ మూడు వైపులా అద్దం, మనుషులు ఉన్న గదిలో వాటికి తల దాచుకునే వైపే ఉండదు. కనీసం ఒక పక్క గోడ, ఒక గూడు, కనపడకుండా ఉండే హక్కు వాటికి ఇవ్వాలి. చిరుతపిల్లి, నామాలపిల్లి లాంటి చిన్న పిల్లులు రోజూ చాలా దూరం తిరుగుతాయి. చీకటి శాల వెనక వాటికి ఆరుబయట ఇంకో గది లేకపోతే, అసలు తేకపోవడమే మంచిది.

చీకటి శాలకు నిజంగా తగినవి దేవాంగపిల్లి, పునుగుపిల్లి, మానుపిల్లి లాంటివి. పునుగుపిల్లి పేరు తెలియని తెలుగువాళ్లు ఉండరు. తిరుమల శ్రీవారికి శుక్రవారం అభిషేకం తర్వాత పునుగు తైలం వాడే ఆచారం వల్ల ఆ పేరు ఇంటింటికీ తెలుసు. ఆ జంతువు మాత్రం ఎవరికీ తెలియదు. నేల మీద ముక్కు ఆనించి, గీతలున్న ఒళ్లు పొడుగ్గా సాగదీసి, ఎలుకల దారి వెంట నడిచే ఆ నడక చూపించగలిగితే ఈ ఒక్క శాల చాలు మన పిల్లలకు. నాలుగు రకాలు బాగా ఉంచగలిగితే నాలుగే ఉంచండి. పది రకాల పేర్లున్న బోర్డు కంటే మేలుకుని తిరిగే ఒక్క జంతువు ఎక్కువ నేర్పుతుంది.

మన జూలకు ఈ పని చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మూషిక జింకను చూడండి. కుందేలంత ఉండే ఆ సిగ్గరి జంతువు కూడా మునిమాపు వేళ, రాత్రి తిరిగేదే. 2010 నుంచి హైదరాబాద్ నెహ్రూ జూ, సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన, అంతరించే జాతుల కోసం పనిచేసే లాకోన్స్ ప్రయోగశాల కలిసి, సెంట్రల్ జూ అథారిటీ అండతో, జనం చూపుకు దూరంగా దాన్ని పెంచాయి. కొద్ది జంతువులతో మొదలై వందలకు చేరింది. 2017 నుంచి నల్లమలలోకి వదలడం కూడా మొదలైంది. అక్కడ జంతువు అవసరం ముందు, చూసేవాళ్ల అవసరం తర్వాత అనుకున్నారు, అందుకే ఫలితం వచ్చింది. అదే పద్ధతి ప్రదర్శన శాలకూ తీసుకురండి.

మా జిల్లా సంగతి ఒకటి చెబుతాను. కలివికోడి రాత్రి పక్షి. ఎన్నో దశాబ్దాలు అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986 జనవరిలో లంకమల పొదల్లో మళ్లీ కనిపించింది. ఐతన్న అనే స్థానికుడు రాత్రి టార్చ్ వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. శాస్త్రవేత్తలు పొంగిపోయారు. ఆ పక్షి మాత్రం కొద్ది రోజులకే చనిపోయింది. ఐతన్నను తప్పుపట్టడానికి వీల్లేదు, అతని వల్లే ఆ జాతి ఉందని లోకానికి తెలిసింది, అభయారణ్యం వచ్చింది. కానీ రాత్రి ప్రాణిని వెలుగులోకి తెచ్చి బతికించడం ఎంత కష్టమో మా జిల్లావాళ్లకు ఆనాటి నుంచే తెలుసు. జూలకు అప్పటికంటే ఇప్పుడు తెలివి, పరికరాలు, డబ్బు అన్నీ ఎక్కువే ఉన్నాయి.

కాబట్టి నా మనవి ఇది. నిశాచర శాలలకు సెంట్రల్ జూ అథారిటీ ఒక ప్రత్యేక ప్రమాణ పత్రం తేవాలి. జంతువు కంటి ఎత్తులో వెలుతురు వెన్నెలను దాటకూడదని, నీలం, తెలుపు దీపాలు "రాత్రి" వేళ ఉండకూడదని, "పగలు" వేళ మంచి తెల్లని వెలుతురు తప్పనిసరని అందులో స్పష్టంగా రాయాలి. టైమర్, బ్యాకప్, సంధ్య సమయం అందులో ఉండాలి. గుమ్మం వరండా లేకుండా కొత్త శాలకు అనుమతి ఇవ్వకూడదు. ఉన్న శాలలకు రెండేళ్ల గడువు ఇవ్వండి. ప్రతి శాల ముందు బోర్డు మీద, బయట ఎండలో చదవగలిగే చోట, లోపలి వెలుతురు ఎంతో, చివరిసారి ఎప్పుడు కొలిచారో రాయించండి. ఏ జూకైనా సౌకర్యం సమకూరే దాకా శాల మూసి ఉంచాల్సి వస్తే, జంతువులను వెనక గదుల్లో మంచి చీకట్లో ఉంచి, గేటు దగ్గర కారణం రాసి పెట్టండి. జనం అర్థం చేసుకుంటారు. ఆ శాలల్లో ఏళ్లుగా పనిచేసే కీపర్లను ముందు కూర్చోబెట్టి వినండి. ఏ దీపం కింద ఏ జంతువు దాక్కుంటుందో, ఏ ఆదివారం తర్వాత ఏది రెండు రోజులు తిండి ముట్టదో వాళ్లకు తెలిసినంత మనలో ఎవరికీ తెలియదు.

కొలిచే పనికి చేతులు కావాలంటే మా కాలేజీ ఉంది. జంతుశాస్త్రం, భౌతికశాస్త్రం పిల్లలు లక్స్ మీటర్లతో వస్తారు. జూకు సెలవైన రోజున, జనం లేని వేళ, మీ సిబ్బంది వెంట ఉండగా, ఎన్‌క్లోజర్‌కు ఎన్‌క్లోజర్ కొలిచి పట్టిక చేసి ఇస్తారు. రాను పోను ఖర్చు మేమే పెట్టుకుంటాం. ఆ పట్టిక ముందు మీకే ఇస్తాం, మీరు చూశాకే బయటపెడతాం. ఏ జూ మొదట రమ్మంటే అక్కడికే వస్తాం. దయచేసి జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి, మా ప్రిన్సిపాల్ అనుమతికి అది కావాలి.

ఇట్లు,
ఒక జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
కడప